రోడ్డు మీద పంచాయితీ, కోర్టులో లెక్క

మా బాబాయికి విజయవాడ శివారు ఎనికేపాడులో జిరాక్స్ షాపు ఉంది. 2024 నవంబరులో ఓ రాత్రి తొమ్మిదిన్నరకి షాపు కట్టేసి, ప్రసాదంపాడులో ఉన్న ఇంటికి స్కూటీ మీద బయల్దేరాడు. సర్వీసు రోడ్డులో ఎదురుగా ఓ ట్రాలీ ఆటో వచ్చింది. రాంగ్ రూట్, పైగా లైటు లేదు. బాబాయి పక్కకి తిప్పేలోపే ఆటో మూల కుడి మోకాలికి కొట్టుకుంది. హెల్మెట్ డిక్కీలో ఉంది.

టీ కొట్టు దగ్గరున్న పదిమందీ పరిగెత్తుకొచ్చారు. లేపి కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు, స్కూటీ పక్కకి పెట్టారు. ఆ తర్వాత పంచాయితీ మొదలైంది. "పెద్ద బండిదే తప్పు" అన్నాడొకాయన. "అలా ఎలా కుదురుతుంది, మాస్టారికి హెల్మెట్ లేదు. కేసంటే ముందు ఆయనకే చుట్టుకుంటుంది, పైసా రాదు" అన్నాడు ఇంకొకాయన. ఆటో కుర్రాడికి లైసెన్సు లేదని తెలిశాక మూడో ఆయన తేల్చేశాడు: "లైసెన్సు లేకపోతే ఇన్సూరెన్సు రాదు. స్టేషన్ చుట్టూ తిరగడం తప్ప ఒరిగేదేం లేదు బాబాయ్ గారూ, ఏదో ఒకటి మాట్లాడుకోండి." ఇరవై నిమిషాల్లో ఐదు వేలకి రాజీ కుదిరింది. తెల్లకాగితం మీద "నాకు ఎటువంటి అభ్యంతరం లేదు" అని రాయించి సంతకం పెట్టించుకున్నారు. టీ కొట్టు కుర్రాడు మాత్రం ఎందుకైనా మంచిదని ఆటోని నంబరుతో సహా ఫోటో తీసి ఉంచాడు.

తెల్లారేసరికి మోకాలు వాచిపోయి కాలు కింద పెట్టలేకపోయాడు. స్కాన్ తీస్తే ఎముక చిట్లిందన్నారు. ప్లేటు, స్క్రూలు, పదకొండు రోజులు ఆసుపత్రి, లక్షా ఎనభై వేల బిల్లు.

ఆ రాత్రి అక్కడ చేరినవాళ్లలో ఎవరికీ దురుద్దేశం లేదు. వాళ్లు చెప్పిన మూడు మాటలూ బెజవాడలో ఏ సెంటర్‌లో యాక్సిడెంటు అయినా వినపడేవే. మూడింట్లోనూ కొంత నిజం ఉంది, అందుకే నమ్మబుద్ధవుతుంది. చిక్కెక్కడంటే, "తప్పు ఎవరిది" అన్న ఒక్క ముక్కలో మనం మూడు నాలుగు ప్రశ్నలు కలిపేస్తాం. చట్టం వాటిని విడివిడిగా అడుగుతుంది, విడివిడి చోట్ల తేలుస్తుంది. ఒకచోట ఓడినవాడు ఇంకోచోట గెలవొచ్చు.

చలానా వేరు, కేసు వేరు, పరిహారం వేరు

అన్నిటికంటే తేలికైంది చలానా. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో నిబంధనలున్నాయి, వాటిని మీరితే జరిమానా. 2019లో చట్టాన్ని సవరించి ఈ జరిమానాలు బాగా పెంచారు. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. ట్రిపుల్ రైడింగుకీ అంతే. లైసెన్సు లేకుండా నడిపితే 5,000. తాగి నడిపి మొదటిసారి దొరికితే 10,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పిల్లాడి చేతికి బండి ఇచ్చి వాడు నడుపుతూ దొరికితే తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఇవన్నీ మనకీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారాలు. ఎవరికైనా దెబ్బ తగిలిందా లేదా అన్నదానితో చలానాకి పని లేదు. అందులో వసూలైన డబ్బులో దెబ్బ తగిలినవాడికి పైసా రాదు.

రెండోది క్రిమినల్ కేసు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దుడుకుగా నడిపితే 281వ సెక్షన్, దానివల్ల ఎవరికైనా దెబ్బలు తగిలితే 125, ప్రాణం పోతే 106. పాత చట్టంలో 304ఏ కింద రెండేళ్ల వరకు ఉన్న శిక్ష ఇప్పుడు 106 కింద ఐదేళ్ల వరకు పెరిగింది. ఇక్కడ కోర్టు చూసేది డ్రైవరు దుడుకుగా, నిర్లక్ష్యంగా నడిపాడని అనుమానానికి తావు లేకుండా రుజువైందా అని. ఇది చాలా ఎత్తైన గీటు. "స్పీడుగా వచ్చాడు సార్" అని సాక్షి చెబితే సరిపోదు. 1998లో కర్ణాటకకి చెందిన సతీష్ అనే లారీ డ్రైవరు కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్పీడుగా నడిపినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని అతన్ని వదిలేసింది. మరోవైపు, తాగి నడిపి జనం మీదికి ఎక్కించిన కేసుల్లో ఇది నిర్లక్ష్యం స్థాయి దాటిపోయిందంటూ ఇంకా పెద్ద సెక్షన్ కింద శిక్ష వేసిన తీర్పులూ ఉన్నాయి.

మూడోది పరిహారం. మా బాబాయికి కావలసింది ఇది. టీ కొట్టు దగ్గర పది మందీ ఒక్క మాట కూడా సరిగ్గా చెప్పలేకపోయిందీ దీని గురించే.

ట్రైబ్యునల్ వేసే లెక్క

పరిహారం తేల్చేది మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునల్. సాధారణంగా జిల్లా జడ్జి స్థాయి కోర్టే ఆ పని చూస్తుంది. ఇక్కడ అనుమానానికి తావు లేని రుజువు అడగరు. ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందా అని చూస్తారు. అంతే. అందుకే క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం రావచ్చు. 1980లోనే సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. తమిళనాడులో హైటెన్షన్ తీగ తగిలి బస్సులో మనుషులు పోయిన కేసు అది. డ్రైవరు మీద క్రిమినల్ కేసు నిలవలేదు. అయినా పరిహారం కట్టాల్సిందేనని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. కేసు కొట్టేశారు కాబట్టి ఇంకేం రాదని చెప్పి బాధితుల్ని వెనక్కి పంపేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

ఇప్పుడు ఆ మూడు మాటల సంగతి చూద్దాం.

హెల్మెట్ లేదు కాబట్టి పరిహారం రాదన్నది తప్పు. హెల్మెట్ పెట్టుకోకపోవడం నేరమే, చలానా కట్టాల్సిందే. కానీ ఆ తప్పు వల్ల యాక్సిడెంటు జరిగిందా, లేదా ఆ తప్పు వల్ల దెబ్బ పెద్దదైందా అని ట్రైబ్యునల్ అడగాలి. 2020 జనవరిలో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ ముడే విప్పింది. ఒకే బైకు మీద ముగ్గురు వెళ్తుంటే కారు గుద్దింది, వెనక కూర్చున్న కుర్రాడు చనిపోయాడు. ట్రిపుల్ రైడింగు కాబట్టి అతనిదీ కొంత తప్పుందంటూ హైకోర్టు పరిహారంలో పది శాతం కోసేసింది. సుప్రీంకోర్టు ఆ కోత తీసేసింది. ముగ్గురు ఎక్కడం నిబంధన మీరడమే, కానీ కారు వచ్చి గుద్దడానికీ ముగ్గురు కూర్చోవడానికీ సంబంధం చూపించకుండా కోత వెయ్యకూడదంది. 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో లైసెన్సు లేని పిల్లాడి విషయంలోనూ ఇదే మాట: లైసెన్సు లేకుండా నడపడం నేరం, కానీ అదొక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. తలకి దెబ్బ తగిలిన కేసుల్లో మాత్రం హెల్మెట్ లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకుని కొంత శాతం తగ్గించిన తీర్పులు ఉన్నాయి. నా ఉద్దేశంలో అది న్యాయమే. తలకి దెబ్బ తగిలితే తలకి ఏం పెట్టుకున్నాడని అడగడంలో అర్థం ఉంది.

ఆటో వాడికి లైసెన్సు లేదు కాబట్టి ఇన్సూరెన్సు రాదన్నది రెండో మాట. ఇన్సూరెన్సు కంపెనీలు ఈ వాదన చేస్తాయి, నిజమే. కానీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చట్టం తప్పనిసరి చేసిందే రోడ్డు మీద పోయే మూడో మనిషి కోసం. ఓనరు ఎవరి చేతికి తాళాలిచ్చాడో ఆ మూడో మనిషికి ఏం తెలుస్తుంది? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఈ విషయం మీద వివరంగా తీర్పిచ్చింది. డ్రైవరుకి లైసెన్సు లేదని చూపిస్తే చాలదు, ఓనరు జాగ్రత్త తీసుకోలేదని కూడా కంపెనీ రుజువు చెయ్యాలి. అది రుజువైనా కూడా ముందు బాధితుడికి కట్టెయ్యి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకో అని కోర్టు ఆదేశించవచ్చు. కోర్టుల్లో దీన్ని 'పే అండ్ రికవర్' అంటారు. ఈ రెండు మాటలు ఆ రాత్రి ఒక్కరికి తెలిసి ఉన్నా మా బాబాయి ఆ సంతకం పెట్టేవాడు కాదు.

ఇక పెద్ద బండిదే తప్పన్న మాట. చట్టంలో అలాంటి రూలేం లేదు. లారీ దాని దారిన అది పోతుంటే పక్క సందులోంచి బైకు దూసుకొస్తే తప్పు బైకుదే. అయినా ఈ మాట జనంలో ఎందుకు నిలిచిపోయిందంటే, పెద్ద బండికి ఇన్సూరెన్సు ఉంటుంది, కట్టేవాడు దొరుకుతాడు అన్న ఆశ. ఇద్దరి తప్పూ ఉన్నప్పుడు చట్టం శాతాలు వేస్తుంది. దాని విలువ ఎంతో ఒక లెక్కలో చూడండి.

ఆటోనగర్‌లో 35 ఏళ్ల మెకానిక్ ఉన్నాడనుకుందాం. నెలకి 15,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. అతను యాక్సిడెంటులో పోయాడు. ఏడాది సంపాదన 1,80,000. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. 2,52,000 అయింది. నలుగురు ఆధారపడి ఉన్నారు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 1,89,000. ఆ వయసుకి 16తో హెచ్చవేస్తారు. 30,24,000 వచ్చింది. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు కోల్పోయిన తోడు వంటివి దీనికి అదనం. ఈ లెక్క ఎవరి దయాదాక్షిణ్యాల మీదా లేదు. 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేథీ కేసుల్లో సుప్రీంకోర్టు గీసిచ్చిన పట్టిక ఇది. ఇప్పుడు ఆ మెకానిక్‌ది 25 శాతం తప్పని తేలిందనుకోండి. 7,56,000 పోతుంది. పిల్లల చదువు డబ్బులు. "ఆయన రాంగ్ రూట్‌లో వస్తున్నాడు" అని ఎఫ్‌ఐఆర్‌లో ఒక్క వాక్యం పడటానికీ పడకపోవడానికీ మధ్య ఉన్న ధర అది. అందుకే యాక్సిడెంటు జరిగిన చోట తీసే కొలతలు, పంచనామా, టైరు గుర్తుల ఫోటోలు అంత ముఖ్యం. పోలీసులు సాయంత్రం వెళ్లి గుర్తున్నంత వరకు రాసుకొస్తే ఆ లెక్క ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది.

గాయాల కేసుల్లో పద్ధతి కొంచెం వేరు. వైద్యం ఖర్చు, పని లేని నెలల సంపాదన, నొప్పికి కొంత, కాలు చెయ్యి సరిగ్గా పనిచెయ్యకపోతే దానివల్ల బతుకుతెరువుకి ఎంత దెబ్బో అంత. డాక్టరు సర్టిఫికెట్‌లో పది శాతం వైకల్యం అని ఉంటే, కూర్చుని జిరాక్స్ తీసే మనిషికి ఒక లెక్క, లారీకి మూటలెత్తే మనిషికి ఇంకో లెక్క.

ఎదుటి బండి లేకుండా మనమే గుంతలో పడితేనో, పూర్తిగా మనదే తప్పయితేనో థర్డ్ పార్టీ పాలసీ మనకి ఇవ్వదు. అప్పుడు పనికొచ్చేది ఓనరు-డ్రైవరు పర్సనల్ యాక్సిడెంట్ కవర్, 15 లక్షలు. పేరులోనే ఉంది చూడండి, ఆర్సీలో పేరున్న ఓనరు, లైసెన్సు ఉండి, తనే నడుపుతుంటేనే అది వర్తిస్తుంది. మన ఇళ్లలో బండి నాన్న పేరు మీద, నడిపేది కొడుకు. ఈ ఒక్క ఏర్పాటు వల్ల ఎన్ని కుటుంబాలకి ఆ డబ్బు రాకుండా పోతోందో. ఇవాళే ఆర్సీ తీసి చూసుకోండి.

గుద్ది పారిపోయి, బండి ఏదో తేలకపోతే ప్రభుత్వ నిధి నుంచి చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకి 50,000 ఇస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ మొత్తాలు. దీనికి కోర్టు అక్కర్లేదు, రెవెన్యూ అధికారికి దరఖాస్తు, కలెక్టర్ మంజూరు. ఈ సంగతి తెలియక వదిలేసుకునేవాళ్లు చాలామంది.

పారిపోయిన డ్రైవరు

న్యాయ సంహితలో 106వ సెక్షన్‌కి రెండో భాగం ఒకటుంది. యాక్సిడెంటు చేసి ప్రాణం పోయాక పోలీసులకి చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు. దాని మీద 2024 జనవరిలో దేశమంతా లారీ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. మిగతా చట్టం అమల్లోకి వచ్చినా ఆ ఒక్క భాగాన్ని కేంద్రం పక్కన పెట్టింది.

అప్పట్లో చాలామంది డ్రైవర్లని తిట్టారు. నేను ఆటోనగర్‌లో తిరిగేవాణ్ని, లారీ డ్రైవర్లతో మాట్లాడేవాణ్ని. వాళ్లు చెప్పేది ఒకటే: "అక్కడ ఆగితే చంపేస్తారన్నా." అది వట్టి సాకని నేను అనుకోను. తప్పు ఎవరిదో చూడకుండా డ్రైవర్ని కిందకి లాగి కొట్టడం మనం కళ్లారా చూసిందే. చట్టానికీ ఈ సంగతి తెలుసు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ గాయపడినవాణ్ని ఆసుపత్రికి చేర్చే బాధ్యత డ్రైవరు మీద పెడుతూనే, జనం ఆగ్రహం వల్ల అది కుదరకపోతే మినహాయింపు ఇచ్చింది. అక్కడ పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా, ఎలా చూసినా 24 గంటల్లోపు దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పమంది. అంటే అక్కణ్నుంచి తప్పించుకుని నేరుగా స్టేషన్‌కి వెళ్లినవాడు పారిపోయినవాడు కాడు. ఈ ముక్క ప్రతి డ్రైవరుకీ తెలియాలి, కొట్టడానికి చెయ్యెత్తే ప్రతివాడికీ తెలియాలి. అక్కడ ఆగలేని డ్రైవరు వల్ల చివరికి నష్టపోయేది రోడ్డు మీద రక్తం కారుతున్న మనిషే.

సాయం చేసేవాళ్ల భయం కూడా ఇలాంటిదే. ఆసుపత్రికి తీసుకెళ్తే సాక్షిగా తిప్పుతారన్న టెన్షన్‌తో చాలామంది పక్కనుంచి వెళ్లిపోతారు. 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకి ఆమోదముద్ర వేసింది, 2019 సవరణలో 134ఏ సెక్షన్‌గా చట్టంలోనే చేర్చారు: సాయం చేసినవాణ్ని పేరు చెప్పమని ఒత్తిడి చెయ్యకూడదు, ఏ కేసులోనూ ఇరికించకూడదు. 2025 మే నుంచి యాక్సిడెంటు బాధితులకి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర వరకు నగదు రహిత వైద్యం ఇచ్చే పథకం కూడా నోటిఫై అయింది. మా బాబాయి దెబ్బ తిన్నప్పటికి అది లేదు.

కెమెరాకి దొరికేవి, దొరకనివి

పోలీసుల మీద చర్చ ఎప్పుడూ "డబ్బుల కోసమే చలానాలు" దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. మే నెల ఎండలో బెంజి సర్కిల్ కింద ఎనిమిది గంటలు నిలబడే కానిస్టేబుల్‌ని ఆ మాట అనాలంటే మనసు రాదు. నా బాధ వేరే ఉంది. ఏది పట్టుకోవడం తేలికో దాన్నే ఎక్కువ పట్టుకుంటున్నాం.

హెల్మెట్ లేకపోవడం ఫోటోలో కనపడుతుంది. బందరు రోడ్డులో ఓ మూల నిలబడి గంటలో ఎన్నో ఫోటోలు తియ్యొచ్చు. హెల్మెట్ చిన్న విషయమని నేననడం లేదు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, అందులో 50,029 మంది హెల్మెట్ లేనివాళ్లు. హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024లో హెల్మెట్ నిబంధన అమలు చెయ్యడం లేదని అధికారులని గట్టిగా నిలదీసింది, ఆ మందలింపు అవసరమే. కానీ హెల్మెట్ పెట్టుకోనివాడు ముందు తన ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. రాత్రి లైటు లేకుండా రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో ఎదుటివాడి ప్రాణం తీస్తుంది. 2019 సవరణ రాంగ్ రూట్‌నీ, సిగ్నల్ దాటడాన్నీ, నడుపుతూ ఫోను పట్టుకోవడాన్నీ ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే చేర్చింది. మొదటిసారికి 5,000 వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ. కాగితం మీద హెల్మెట్ కంటే ఎన్నో రెట్లు పెద్ద నేరం. ఎనికేపాడు సర్వీసు రోడ్డులో రాత్రి తొమ్మిదిన్నరకి ఆ సెక్షన్ ఎక్కడుంది?

శిక్ష ఎంత పెద్దదన్నదాని కంటే దొరుకుతానన్న నమ్మకమే మనిషిని ఆపుతుంది. పదివేల జరిమానా ఉన్నా పట్టుకునేవాడు లేని చోట ఎవరూ భయపడరు. ఐదొందలైనా ప్రతిసారీ పడుతుందంటే నెలలో అలవాటు మారుతుంది.

కెమెరా చలానాల విషయంలో మనకి హక్కులున్నాయి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 167ఏ ప్రకారం కెమెరా నిఘా ఉన్న చోట ముందే హెచ్చరిక బోర్డు కనపడేలా పెట్టాలి, స్టాప్ లైను, జీబ్రా గీతలు సరిగ్గా ఉంచాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. గీత చెరిగిపోయిన సిగ్నల్ దగ్గర "గీత దాటావు" అని చలానా పంపితే అడిగే హక్కు మనకుంది. చలానా అంటే శిక్ష కాదు, ఆరోపణ. ఒప్పుకుంటే కట్టెయ్యాలి, ఒప్పుకోకపోతే సవాలు చెయ్యొచ్చు. నోటీసు వచ్చేది బండి ఓనరుకి కాబట్టి, నడిపింది వేరేవాళ్లయితే ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యతా ఓనరుదే. డిజీలాకర్‌లో ఉన్న లైసెన్సు, ఆర్సీ చూపిస్తే 2018 నుంచి చెల్లుతాయి. రిజిస్ట్రేషనో లైసెన్సో పర్మిటో లేకపోతే బండి ఆపి ఉంచే అధికారం పోలీసులకుంది. కదులుతున్న బండి తాళం లాక్కోమని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. అది ప్రమాదం కూడా.

బోనులో నిలబడని ముద్దాయి

2022 ప్రభుత్వ లెక్కల్లో మరణాలకి కారణం చూస్తే 71 శాతానికి పైగా "అతి వేగం" అని ఉంటుంది. ఈ అంకె ఎక్కడ పుడుతుందో ఆలోచించండి. స్టేషన్‌లో రాసే కాగితాల నుంచి. ఎఫ్‌ఐఆర్ రాసేదే ముద్దాయిని వెతకడానికి. డ్రైవరుని ముద్దాయిగా రాయొచ్చు, డివైడర్ని రాయలేం. యూటర్న్ దూరంగా పెట్టిన డిజైనర్ని రాయడం ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు. కాబట్టి అన్నీ అతి వేగమే అవుతాయి, వేగం తగ్గించండని బోర్డులు పెరుగుతాయి, రోడ్డు అలాగే ఉంటుంది.

మన ఊళ్లో ఇది మరీ తీవ్రం. చెన్నై-కోల్‌కతా హైవే ఊరి నడి మధ్యనుంచి పోతుంది. వారధి దగ్గర మొదలుపెట్టి బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు దాకా ఒకే రోడ్డు మీద దూరప్రాంతాల లారీలు, కాలేజీ బస్సులు, పాలవాళ్లు, నడిచి దాటే ఆడవాళ్లు. 2020లో, 2021లో బెంజి సర్కిల్ దగ్గర రెండు వైపులా ఫ్లైఓవర్లు వచ్చాక లారీలు పైనుంచి పోతున్నాయి, ఆ మేరకు మేలే జరిగింది. చిన అవుటపల్లి నుంచి కాజ దాకా వెస్ట్ బైపాస్ తలపెట్టింది కూడా ఊరి మీది బరువు దించడానికే. కానీ అవతలి వైపు షాపుకి వెళ్లాలంటే ఎంతో దూరం పోయి తిరిగి రావాల్సిన చోట జనం రాంగ్ రూట్‌లోనే వస్తారు. అది తప్పే, నేను వెనకేసుకు రావడం లేదు. అయితే రోజూ కొన్ని వందల మంది ఒకే చోట ఒకే తప్పు చేస్తుంటే ఆ చోటులో ఏదో లోపం ఉన్నట్టే.

2019 సవరణలో 198ఏ అని ఓ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్లో, కట్టడంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోయినా, వైకల్యం వచ్చినా సంబంధిత అధికారికో, కాంట్రాక్టరుకో, కన్సల్టెంటుకో లక్ష రూపాయల వరకు జరిమానా. మనిషి ప్రాణానికి లక్ష గరిష్ఠమా అనిపిస్తుంది, కానీ మొట్టమొదటిసారి చట్టం రోడ్డు వైపు వేలు చూపింది. గుంతలో పడి ఎవరైనా పోతే, ఫిర్యాదులో ఈ సెక్షన్ నంబరు రాసి ఇవ్వండి. అడిగేవాళ్లుంటేనే అది కదులుతుంది.

ఆ తెల్లకాగితం

బాబాయి ఆపరేషన్ అయ్యాక మూడో వారంలో స్టేషన్‌కి వెళ్లాం. "ఇన్నాళ్లకా?" అన్నారు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన పరిహారం క్లెయిముని అనుమానించకూడదని సుప్రీంకోర్టు 2011లో చెప్పి ఉంది. ముందు మనిషిని బతికించుకుంటారు, తర్వాతే కదా స్టేషన్ గుర్తొచ్చేది. ఆసుపత్రి కాగితాలు, టీ కొట్టు కుర్రాడి ఫోటో పెట్టి ఫిర్యాదిచ్చాం. ఆ ఫోటోలో ఆటో నంబరుతో పాటు సర్వీసు రోడ్డు పక్కనున్న షాపు బోర్డు పడింది, దాంతో ఆటో ఏ వైపు ముఖం పెట్టి ఉందో తేలిపోయింది. కేసు కట్టారు. ఆటోకి ఇన్సూరెన్సు అమల్లో ఉంది.

2022 ఏప్రిల్ 1 నుంచి ఇంకో మార్పు కూడా వచ్చింది. పోలీసులు యాక్సిడెంటు సమాచారం అందిన 48 గంటల్లో ట్రైబ్యునల్‌కి మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలి. అదే రోజు నుంచి బాధితుడు ఆరు నెలల్లోపు క్లెయిము వెయ్యాలన్న గడువూ తిరిగొచ్చింది. ఆ గడువు చెల్లదని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆ వాదనల మీద ఆశ పెట్టుకోకుండా మేం ఐదో నెలలోనే వేశాం.

మొన్న విజయవాడ కోర్టులో బాబాయికి క్రాస్ ఎగ్జామినేషన్ జరిగింది. కంపెనీ లాయరు ముందు తెల్లకాగితం చూపించారు. ఈ సంతకం మీదేనా? నాదే. అభ్యంతరం లేదని రాశారు కదా? రాశాను, అప్పటికి ఎముక చిట్లిందని నాకు తెలీదు. ఇలాంటి కాగితం క్లెయిముని చంపెయ్యదు, కానీ ప్రతి వాయిదాలో ఎదురొస్తూనే ఉంటుంది. ఐదు వేలు తీసుకున్నారా? తీసుకున్నాను, తిరిగి ఇచ్చేస్తాను.

తర్వాత ఆయన అడిగారు: "ప్రమాదం జరిగినప్పుడు మీరు హెల్మెట్ పెట్టుకున్నారా?"

బాబాయి కర్ర పక్కన పెట్టి, బోను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. "పెట్టుకోలేదండి. అది నా తప్పే. దెబ్బ తగిలింది మాత్రం మోకాలికండి."

జడ్జి గారు ఆ జవాబుని యథాతథంగా టైపు చేయించారు.